బొమ్మ తొవ్వ, సప్పుడు తొవ్వ

నిన్న మా ఇంటికి గోడంత టీవీ వచ్చింది. అతిశయోక్తి అనుకోకండి, గోడే చిన్నది. కంప్యూటర్ వెనక గ్రాఫిక్స్ కార్డులో వైరు ఒక కొస దూర్చి, రెండో కొస టీవీలో దూర్చాను. బొమ్మ దివ్యంగా వచ్చింది. ధ్వని మాత్రం రాలేదు. తెర మీద హీరోగారు ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరుస్తూ మూస్తూ ఉంటే, మా ఆవిడ "ఏమండీ, మూకీ సినిమాకి ఇంత టీవీ ఎందుకండీ?" అంది. నేను బల్ల కిందికి దూరి, తల ఎత్తినప్పుడల్లా బల్లకి ఒక్కో నమస్కారం సమర్పిస్తూ పెట్టె వెనక తడుముకుంటూ ఉంటే, ఫ్యాను తోసిన వెచ్చని దుమ్ము వాసన ముక్కుకి కొట్టింది. ఆ వాసనతో, ఒకప్పుడు ఇదే చిక్కు విప్పిన జంగయ్యన్న గుర్తొచ్చాడు.

అప్పట్లో నేను శంషాబాద్ రోడ్డు మీద ప్లాట్లు అమ్మే ఒక ఆఫీసులో పనిచేసేవాడిని. తెనాలి నుంచి నేను తెచ్చుకున్న ఆస్తి నా నోరొక్కటే. ఆ నోటితోనే మా వెంచర్ మీద ఒక చిన్న సినిమాకి మాటలు రాసి, నా గొంతుతోనే చదివాను. ఆఫీసు గోడకి టీవీ, పక్కన కంప్యూటర్, వాటి మధ్య ఒకే ఒక్క వైరు. అది బొమ్మనీ ధ్వనినీ జంట ఎడ్లలా కలిపి లాక్కుపోతుందని అమ్మినవాడు ఒట్టేసి చెప్పాడు. పొద్దున ఆఫీసు తెరవగానే రెండూ వచ్చేవి. పదకొండయ్యేసరికి బొమ్మ ఉండేది, ధ్వని ఊరు వదిలి పారిపోయేది. ఏడు రకాల వైర్లు కొన్నాం. ఆఫీసు పాముల పుట్టలా తయారైంది. ముగ్గురు మెకానిక్కులు వచ్చారు. ఒకాయన కార్డు పోయిందన్నాడు, ఒకాయన టీవీ పోయిందన్నాడు, మూడో ఆయన నా మొహం చూసి నేనే పోయానన్నట్టు పెదవి విరిచాడు. మా ఎండీ గారు చివరికి తేల్చేశారు: "ఆదివారం కస్టమర్లు వస్తున్నారయ్యా. అప్పటికి అది మాట్లాడాలి. మాట్లాడకపోతే సోమవారం నువ్వు రానక్కర్లేదు." నాకు పెళ్ళయి అప్పటికి రెండు నెలలు.

జంగయ్యన్నది మా వెంచర్ పక్కనే ఉన్న కొత్వాల్‌గూడ. ముప్పై ఏళ్ళు వ్యవసాయం చేసి, తర్వాత శంషాబాద్‌లో టీవీలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. నేను పిలిస్తే శుక్రవారం ఉదయం వచ్చాడు. స్క్రూడ్రైవరు జేబులోంచి బయటికి తీయలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని చాయ్ తెప్పించమన్నాడు. రెండో చాయ్ కూడా అయ్యాక నా ఓపిక ఆవిరైపోయింది.

"అన్నా, పెట్టె విప్పి చూడవా?"

"కాలు నొస్తే కడుపు కోస్తరా? జర సప్పుడు చేయక కూసో."

కూర్చున్నాను. నా జీవితంలో అంత సుదీర్ఘమైన కూర్చోవడం మరొకటి లేదు. ఈలోగా మా ఎండీ గారికి ఫోను వచ్చింది. ఆయన అలవాటుగా రిమోట్ తీసి టీవీ ఆపేసి, మాట్లాడటం ముగించి, మళ్ళీ పెట్టారు. బొమ్మ వచ్చింది. ధ్వని రాలేదు. జంగయ్యన్న పకపకా నవ్వాడు.

"ఇగ దొరికింది. సూడు సారూ, మడికి నీళ్ళు మలుపుతం గదా. టీవీ బంద్ చేయంగనే గీ కంప్యూటర్ ఏమనుకుంటది? ఆ మడి లేదనుకుంటది. నీళ్ళు ఇంకో మడికి మలుపుతది. స్పీకర్ లేని బెజ్జంల పారబోస్తది. టీవీ మళ్ళ పెడితే బొమ్మ వస్తది. మరి సప్పుడు మళ్ళ మలిపెటోడేడి? బొమ్మ తొవ్వ వేరు, సప్పుడు తొవ్వ వేరు."

తెర మూలనున్న స్పీకరు గుర్తు నొక్కి, ధ్వని ఎక్కడికి పోవాలో చెప్పే చోట మా టీవీ పేరు ఎంచాడు. అంతే. నిన్న బల్ల కింద తల బొప్పి కట్టించుకున్న నేను మరిచిపోయిందీ ఇదే.

గది దద్దరిల్లేలా నా గొంతు లేచింది: "విమానం దిగి నిట్టూర్చేలోగా మీ ఇంట్లో ఉంటారు! ఎత్తైన నేల! ఎంత వానొచ్చినా చుక్క నీరు నిలవదు!"

నేను గాల్లో తేలిపోతున్నాను. జంగయ్యన్న మాత్రం నవ్వు ఆపేశాడు. "జర మళ్ళ పెట్టు" అన్నాడు. మూడుసార్లు విన్నాడు.

"నీ గొంతేనా?"

"నాదే అన్నా!"

"మీ ప్లాట్ల జాగ మా చిన్నాయన మడి. వానకాలంల పిక్కల దాక నీళ్ళుంటయ్. ఇన్నొద్దులు సప్పుడు రాలే అంటే దేవుడు మంచోడు." చెప్పులేసుకుంటూ, "తొవ్వ నేను సూపిచ్చిన. మాట నీది" అని వెళ్ళిపోయాడు.

ఆదివారం టీవీ గంగాళంలా మోగింది. ఎండీ గారు నా భుజం తట్టారు కూడా. సినిమా అయ్యాక ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడిపే ఒకాయన, పక్కన భార్యతో, లేచి నిలబడ్డాడు. "సారూ, ఇల్లు కట్టుకుందామని ఒచ్చినం. నిజంగ నీళ్ళు నిలవయా?" ఎండీ గారు నా వైపు చూశారు. వాళ్ళిద్దరూ నా వైపు చూశారు. నా నోరు, జీవితంలో మొట్టమొదటిసారి, నన్ను అడగకుండానే నిజం చెప్పేసింది.

"నిలుస్తాయండీ. నడుం దాకా."

మాట్లాడకపోతే పోతుందన్న ఉద్యోగం, మాట్లాడినందుకు పోయింది. "అది మూగగా ఉన్నప్పుడే నయం కదయ్యా!" అని ఎండీ గారు తల పట్టుకున్నారు. నేను ఏ పతకమో వచ్చినంత గర్వంగా జంగయ్యన్న కొట్టుకి పోయి అంతా చెప్పాను. ఆయన టంకం వేస్తూ తల కూడా ఎత్తలేదు.

"నేను పిక్కల దాక అంటి. నువ్వు నడుం దాక అన్నవా? ఏందయ్యా, నిజం గూడ పెంచుడేనా నీకు?"

జంగయ్యన్న పోయి మూడేళ్ళయింది. నేను నవ్వించే రాతలు రాసుకుంటూ బతుకుతున్నాను. మా వీధి పిల్లిని పులిని చేస్తాను, మా ఆవిడ వేసిన అట్టుతో ఊరికి పందిరి వేస్తాను. ఎవరూ అడ్డుచెప్పరు, నేనూ మానను. కానీ ఎవరైనా నన్ను నమ్మి, నా మాట మీద కాలు పెట్టబోతూ ఒక ప్రశ్న అడిగితే మాత్రం, వెంటనే నోరు తెరవను. ముందు ప్యాంటు మడుచుకుని నేనే దిగుతాను. ఎంతవరకు తడిస్తే అంతవరకే చెబుతాను.