గోతిలోని రాజు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు, ఏప్రిల్‌లో, నన్ను నైజీరియాలో ఇగ్బో తెగవాళ్ళ ఊరి పక్కనున్న క్వారీకి బ్లాస్టింగ్ ఫోర్‌మన్‌గా వేశారు. అంతకుముందు ఇరవై ఏళ్ళు జమ్మలమడుగు దగ్గర నాపరాతి గనుల్లో చేసినవాణ్ణి. రాయి ఎక్కడైనా రాయే కదా, నాకు తెలియనిదేముంది అనే పొగరు ఉండేది. తోడుగా తొండూరు సుబ్బయ్య ఉండేవాడు. నేను రంధ్రాల్లో మందు కూరితే, తీగలు కలిపేది అతనే.

పేల్చేముందు మూడువందల మీటర్ల లోపల మనిషి ఉండకూడదని నియమం. ఆ రోజు ఊరిపెద్ద ఇంటింటి పేర్లు చదివి, అందరూ బయటికి వచ్చారని సంతకం చేశాడు. ఒక ఇంటి ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటున్నారు. అడిగితే, ఆ ఇంటి ఒబీ అనేవాడు పొద్దున పోయాడనీ కొండ కింద పూడ్చామనీ ఊరిపెద్ద చెప్పాడు. నేను టోపీ తీసి పరామర్శించాను కూడా.

మొదటి సైరన్ వేశాను. చివరిసారి చూసి రావడానికి కిందికి పోయిన సుబ్బయ్య రొప్పుతూ వచ్చాడు.

"మామా, కొట్టొద్దు! ఆడ గుంతలో సచ్చినోడు దగ్గుతాండాడు!"

నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయాను. ఊరిపెద్ద మాత్రం తొణకలేదు. ఒబీ వాళ్ళకు కాబోయే రాజట. రాజయ్యేవాడు ముందు మనిషిగా చావాలి. గోతిలో పడుకోబెట్టి, కొమ్మలు కప్పి, ఏడ్చి, పొద్దు వాలాక లేపి తెల్లమట్టి పూస్తారు. ముందే లేపితే రాజూ కాడు, మనిషీ కాడు, ఊరంతటికీ కీడు. చచ్చినవాణ్ణి మీ మందు ఏం చేస్తుందని ఆయన నన్నే అడిగాడు.

మందుకు కరెంటు అందకుండా తీగలు విప్పి, కొసలు మెలిపెట్టాను. మీటనొక్కే పెట్టె తాళం జేబులో వేసుకున్నాను. అంతలో పడమట ఉరిమింది. పిడుగు పడితే నా తాళంతో పనిలేదు, కూరిన మందు దానంతటదే పేలుతుంది. ఒబీని ఇప్పుడే లేపమని ఊరిపెద్ద కాళ్ళు పట్టుకున్నంత పనిచేశాను. ఆయన వినలేదు.

"పోదాం పా మామా, ఆయప్ప రాజైతే మనకేంది?" అన్నాడు సుబ్బయ్య. అన్నాడే గాని అడుగు కదపలేదు.

హద్దు జెండా దగ్గర నిలబడి ఆ గుంతనే చూస్తున్నాం. భయంతో చిన్నప్పటి మొక్కులన్నీ మొక్కాను. వాన కురిసింది, గుంతలోకి నీళ్ళు దిగాయి, పిడుగు మాత్రం పడలేదు.

పొద్దు వాలాక లేపారు. తెల్లమట్టి పూసుకుని మా పక్కనుంచే నడిచిపోయాడు రాజు. ఊరంతా నేలమీద సాగిలపడింది. ఆయన ఇంకా దగ్గుతూనే ఉన్నాడు.

ఊరిపెద్ద అబద్ధమాడలేదు, నియమమూ తప్పు కాదు. నేను సంతకం చూశాను, పూడ్చిన చోటు చూడలేదు. ప్రొద్దుటూరుకు తిరిగొచ్చి రిటైరయ్యేదాకా, ఏ గనిలోనైనా బతికున్నవాళ్ళ లెక్క అయ్యాక, ఈమధ్య పోయినవాళ్ళను ఎక్కడ పూడ్చారని అడిగేవాణ్ణి. కూలీలు నవ్వేవాళ్ళు. నేను మాత్రం వెళ్ళి చూసి వచ్చాకే సైరన్ వేసేవాణ్ణి.