లక్షా నలభై రెండు వేల ఎనిమిది వందల యాభై ఏడు

డెబ్బైల్లో తిరువూరు బజారులో మాకు ఇనుప సామాన్ల కొట్టుండేది. నేను దేన్నయినా బేరమాడేవాణ్ణి. మేకులు కొనడానికొచ్చిన లెక్కల మాస్టారికి పిడికెడు కొసరు వేసి, బదులుగా ఒక సంఖ్యను రాబట్టాను. 142857. దీన్ని రెండు నుంచి ఆరు దాకా దేనితో హెచ్చవేసినా అవే ఆరంకెలు అదే వరుసలో గుండ్రంగా తిరిగొస్తాయి. ఏ అంకెతో మొదలవుతాయన్నది మాత్రం మారుతుంది.

ఆ వేసవిలో మా బావ విస్సన్నపేట బస్సు దిగి కొట్టుకొచ్చాడు. మామిడితోటలు గుత్తకు తీసుకునే మనిషి, చేటంత అరచెయ్యి. ఆ చెయ్యి తగిలి వాచిన అక్క చెంపను నేను నెల కిందట చూసి, నోరెత్తలేక తిరిగొచ్చాను. ఇప్పుడు ఈ సంఖ్య అడ్డం పెట్టుకుని కొట్టొచ్చనుకున్నాను.

పందెం చెంపదెబ్బలు. ఆ సంఖ్యను రెండు నుంచి ఆరు దాకా వరసగా హెచ్చవేసి జవాబు నేను పలక మీద రాయాలి. నేను సరిగ్గా చెప్పిన ప్రతిసారీ ఆయనకొకటి. తప్పితే నాకు పది. ఆ పదిని ఆరుకి దింపి, గొప్పగా బేరం చేశానని మురిసిపోయాను.

పక్కనున్న నూనె కొట్టు పెద్దాయన్ని తీర్పరిగా పిలిచాం. బజారులో హెచ్చవేత సరిచూసే పద్ధతి ఒకటే: అంకెలన్నీ కూడి, తొమ్మిదులు తీసేసి, మిగిలింది చూడడం. మా సంఖ్యలో అంకెలు కూడితే ఇరవై ఏడు. తొమ్మిదులు తీస్తే సున్నా. కాబట్టి జవాబులోనూ సున్నా రావాలి.

రెండుతో 285714. సున్నా వచ్చింది. కొట్టాను. మూడుతో 428571. ఈసారి పెదవి చిట్లింది.

"నీకూ చేతులున్నాయన్నమాట, బామ్మర్దీ," అన్నాడు బావ నెత్తురు తుడుచుకుంటూ.

నాలుగుతో అన్నప్పుడు నాకు ఒళ్లు తెలియలేదు. హెచ్చవెయ్యకుండానే, వచ్చేవి అవే అంకెలు కదా అని 517428 అని పలక మీద గీకేశాను. పెద్దాయన కూడి, సున్నా, సరే అన్నాడు. నేను పిడికిలి బిగించి గుద్దాను. ఉంగరం తగిలి బావ పన్ను ఊడి మేకుల డబ్బాలో పడింది.

బావ పలక లాక్కుని 285714ని ఒకదాని కింద ఒకటి రెండుసార్లు వేసి కూడాడు. 571428.

పెద్దాయన ఒప్పుకోలేదు. నలభై ఏళ్లుగా తప్పని పద్ధతి ఇవాళ తప్పుతుందా అని వాదించాడు. బావ ఒక్క తోపు తోస్తే గడ్డపారల మీద పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది.

అప్పుడు నా బుర్రకెక్కింది. ఆ ఆరంకెల్ని ఎలా కలగాపులగం చేసి రాసినా మొత్తం ఇరవై ఏడే. బజారంతా నమ్మే పరీక్షకు ఈ సంఖ్య దగ్గర కళ్లు లేవు.

"ఎన్నన్నాం?" అన్నాడు బావ.

"ఆరు. అక్క ముఖం చూసి రెండు తగ్గించు బావా," అన్నాను. అప్పుడూ బేరమే.

"మీ అక్క ముఖం ఇంటికెళ్లి చూసుకుంటాలే."

మొదటి దెబ్బకే తక్కెడకు కొట్టుకున్నాను. కాలరు పట్టి లేపి మళ్లీ కొట్టాడు. నాలుగోదానికి ఎడమ చెవిలో ఏదో పగిలి వెచ్చగా కారింది. అయిదోదాని చప్పుడు నాకు వినపడలేదు. ఆరోదానికి చెయ్యి రావడం మాత్రం కనపడింది.

నోటికి తువ్వాలు అదుముకుని ఆయన సాయంత్రం బస్సెక్కాడు. విస్సన్నపేటలో అక్క ఒక్కతే ఉంది. ఆ బస్సు మలుపు తిరిగేదాకా నాకు ఆ సంగతే తట్టలేదు.