చెరకాకు మీద వేసిన నింద

మా షాపులో సీలింగ్ ఫ్యాను బాగానే తిరుగుతుంది. గాలి మాత్రం నా దాకా రాదు. ఎలక్ట్రీషియన్‌కి ఎన్నిసార్లు చెప్పినా నమ్మడు.

రెండేళ్ల కిందటి మాట. చెరకు గానుగలు ఆడే రోజులు. అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక వీధిలో నాదొక మందులషాపు. మధ్యాహ్నాలు బెల్లం వాసన మంచులా దిగి అన్నిటినీ కప్పేస్తుంది. అలాంటప్పుడు సగం వ్యాపారం కలలోనే జరుగుతుంది. ఆ మత్తులోనే వచ్చేవాడు సన్యాసినాయుడు, రావికమతం వైపు రైతు. వరసేమీ లేకపోయినా నన్ను బావ అంటాడు.

"బావా, ఇంటిదానికి దురద. సెరకాకు కోసీసింది. ట్యూబొకటియ్యి."

ఆ రోజుల్లో అందరి దురదకూ చెరకాకే ముద్దాయి. స్టెరాయిడ్ క్రీమ్ ఇచ్చాను. అది ఎరుపునూ దురదనూ కొన్నాళ్లు అణచిపెడుతుంది. మూడు వారాలకు మళ్లీ వచ్చాడు.

"తగ్గతాది, మళ్లీ వత్తాది."

ఇంకొకటి ఇచ్చాను. మూడోది ఇస్తుంటే, వచ్చిన కలే మళ్లీ వస్తున్నట్టనిపించింది. అయినా ఇచ్చాను.

నాలుగోసారి భార్య నూకరత్నం తనే వచ్చింది. నాయుడు మెట్ల దగ్గరే ఆగి, రోడ్డును కొత్తగా వేసినట్టు చూస్తూ నిలబడ్డాడు. ఆమె కౌంటరు మీదికి వంగింది.

"సేతులకి కాదు బాబూ. రొమ్ముకి. మొన మీద పొక్కులా కట్టి ఊడతంది. రవికకి రసి, రగతం అంటతన్నాయి."

నిద్ర వదిలింది. "రెండో పక్క?"

"అటేపు ఏటీ లేదు."

"గడ్డేమైనా తగిలిందా?"

"తడిమి సూసుకోలేదు. సిగ్గు."

ట్యూబు ఇవ్వలేదు. ఆ రోజే సర్జన్ దగ్గరికి వెళ్లమన్నాను. చెమటకో బట్ట ఒరుసుకునో వచ్చే దురద ఒకటి రెండు వారాల్లో తగ్గిపోవాలి. తగ్గకపోయినా, ఒక్క చనుమొననే పట్టి పొలుసులు కట్టినా, రసి, రక్తం కారినా, మొన లోపలికి లాగినా, చర్మం నారింజ తొక్కలా మారినా, గడ్డ తగిలినా వెళ్లాల్సింది నా దగ్గరికి కాదు.

బయాప్సీ చేశారు, అంటే చిన్న ముక్క తీసి పరీక్షించారు. పేజెట్స్ డిసీజ్ అని తేలింది. చూడ్డానికి గజ్జిలా ఉండే రొమ్ము కాన్సర్ అది. రొమ్ము తీసేశారు. మనిషి దక్కింది.

అప్పటినుంచి ట్యూబు అడిగిన ప్రతివాళ్లనీ దురద ఎక్కడని అడుగుతున్నాను. కాలేజీలో ఈ పాఠం చెప్పే ఉంటారు. ఆ పూట నేను మేలుకుని ఉండను.

చెకప్ నుంచి వస్తూ నూకరత్నం ఓ మధ్యాహ్నం షాపు ముందు ఆగింది. బాగున్నావా అని అడిగాను. తల ఊపింది.

"ఆయనకి సిగ్గు, నాకు సిగ్గు. మందులమ్మేవోడివి, దురదెక్కడని అడగడానికి నీకేటి సిగ్గు?"