పెర్సీదవ్వ గోళ్ళకత్తెర

పెర్సీదవ్వకి గోళ్ళ పిచ్చి. తన గోళ్ళు కాదు, ఎదుటివాళ్ళ గోళ్ళు. మా జెలెన్‌డోల్ ఊరి చర్చి తాళంచెవి ఆవిడ దగ్గరే ఉండేది. నడుముకి తాడుతో వేలాడే కత్తెరా ఆవిడదే. గోరు పెరిగిన మనిషిని గుమ్మం దాటనిచ్చేది కాదు. ఆ చర్చికి ఫాదరుని నేను. పేరుకి మాత్రమే లెండి.

నేను ఈ ఊరికొచ్చిన మొదటి ఆదివారం, కొత్త అంగీ తొడుక్కుని గంభీరంగా గుమ్మం దగ్గరికి వెళ్ళాను. అడ్డంగా నిలబడింది.

"చేతులు చూపించు నాయనా."

"అవ్వా, నేను కొత్త ఫాదరుని."

"అయితే? ఫాదర్లకి గోళ్ళు పెరగవా? చూపించు!"

నా ఎడమ బొటనవేలి గోరు ఆవిడకి నచ్చలేదు. ఊరంతా చూస్తుండగా కరక్కున కత్తిరించింది. ఆ రోజు ప్రార్థన పావుగంట ఆలస్యంగా మొదలైంది.

ఇక పెళ్ళికూతుళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. లెస్కొవాత్స్ పట్నం నుంచి ఒకమ్మాయి అంగుళం పొడుగు ఎర్రగోళ్ళతో పెళ్ళికి దిగింది. అరగంట ఏడుపు, అరగంట బతిమాలుడు. పది గోళ్ళూ మెట్లమీద రాలాకే పెళ్ళి జరిగింది. పెళ్ళికొడుకు మాత్రం లోపల్లోపల అవ్వకి దండం పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

దీనికంతటికీ కారణం గోడలు. ఆరువందల ఏళ్ళ కిందట ఎవరో దొర కట్టించిన చర్చి మాది. మూడు వరసలు ఎర్ర ఇటుక, ఒక వరస తెల్ల రాయి, లోపల నాలుగు స్తంభాలు, వాటిమీద గుమ్మటం. నేల నుంచి గుమ్మటం దాకా గోడలనిండా పునీతుల బొమ్మలే. చెయ్యి అందేంత ఎత్తులో ఉన్న పునీతులకి కళ్ళు లేవు, గుంటలే. ఆ పైనున్నవాళ్ళంతా శుభ్రంగా చూస్తుంటారు.

మా ఊళ్ళో ఎవర్నడిగినా టర్కీ సైనికులు పీకేశారంటారు. ఆ మాట వింటే అవ్వకి ఒళ్ళు మండేది.

"ఏం, వాళ్ళకి నిచ్చెనలు దొరకలేదా? కప్పు మీద సీసం రేకులు ఊడబీకి తూటాలు పోసుకున్నవాళ్ళకి గుమ్మటం కింద కళ్ళు అందలేదా? సిగ్గుండాలి! ఇది మన ముత్తవ్వల పని!"

అవ్వ చెప్పిందే నిజం. పునీతుల కంటి దగ్గర గోటితో సున్నం గీకి, నీళ్ళలో కలిపి కళ్ళకి రాసుకుంటే చూపొస్తుందని మావైపు పాత నమ్మకం. గీకగా గీకగా చేతికందే ఎత్తులో ఒక్క కన్నే మిగిలింది. అది పునీతురాలు పేత్కమ్మ ఎడమ కన్ను. కళ్ళ జబ్బులకి పేత్కమ్మ పెట్టింది పేరు. ఇంక ఆ కంటికి ఎంత గిరాకీయో మీరే ఊహించుకోండి.

మూడేళ్ళ కిందట పట్నం నుంచి పాత కట్టడాల ఆఫీసువాళ్ళు వచ్చి ఆ కంటికి ఫోటో తీశారు, కొలతలు రాసుకున్నారు. ఇంకొక్క రవ్వ రాలినా పేత్కమ్మని గోడ పూతతో సహా కోసి మ్యూజియానికి పట్టుకుపోతామని, అవ్వ దగ్గర తాళంచెవి లాక్కుంటామని కాగితం మీద రాసిచ్చారు. మళ్ళీ చూడ్డానికి ఇన్‌స్పెక్టర్ వచ్చింది సరిగ్గా పేత్కమ్మ పండగ రోజున.

ఊరంతా ఆవరణలో ఉంది. బల్లమీద రకియా సారా గ్లాసులు పోసినవి పోసినట్టే ఉన్నాయంటే ఎంత బిగుసుకుపోయి ఉన్నామో అర్థం చేసుకోండి. తేనెటీగలు పెంచే రదోయ్, కళ్ళకి శుక్లాలొచ్చి మసకచూపుతో, పెళ్ళాం మిలుంక భుజం పట్టుకుని అందరికంటే ముందు నిలబడ్డాడు.

బస్సు దిగాడు ఇన్‌స్పెక్టర్ వుకాషిన్. బక్కపల్చటి మనిషి, చంకలో ఫైలు. కుడిచేతి చిటికెనవేలికి అరంగుళం గోరు!

"చేతులు," అంది అవ్వ.

"నేను ఇన్‌స్పెక్టర్‌ని."

"ఆ వేలికేమొచ్చింది?"

"ఏడేళ్ళుగా పెంచుతున్నాను. ముట్టుకోవద్దు!"

"నేను ఆ కన్నుని నలభై ఏళ్ళుగా కాస్తున్నాను. కత్తిరించాల్సిందే."

"తాళంచెవి ఇప్పుడే తీసుకుపొమ్మంటావా ముసల్దానా?"

"అవ్వా, నీకు పుణ్యముంటుంది, ఈ ఒక్కసారికి వదిలెయ్," అని నేను మధ్యలో దూరాను.

అవ్వ పళ్ళు కొరికింది. కనీసం ఆ వేలికి గుడ్డయినా చుట్టాలంటూ నడుముకి కట్టుకున్న ముందుగుడ్డ జేబులోంచి ఒక పేలిక లాగింది. దాంతోపాటు నాలుగు కాగితం పొట్లాలు కింద పడ్డాయి. ఒకటి విప్పుకుంది. తెల్లటి పొడి.

ఇన్‌స్పెక్టర్ వంగి వేలితో తాకాడు.

"సున్నం. గోడ సున్నం. అమ్ముకుంటున్నావా?"

"పైసా ముట్టలేదు."

"మరి ఎక్కడిది?"

అవ్వ ఒక్కసారి రదోయ్ వైపు చూసింది. "చెప్పను," అంది.

నాకు కోపం ముంచుకొచ్చింది. నలుగురిలో నా గోరు కత్తిరించిన మనిషి, ఇన్నాళ్ళూ కన్ను కాస్తున్నట్టు నటించి, తనే గీకుతోందా!

ఇన్‌స్పెక్టర్ గుడ్డ చుట్టిన వేలితోనే లోపలికి నడిచాడు. వెనకాలే నేను, అవ్వ. భూతద్దం తీశాడు, పాత ఫోటో పక్కన పెట్టాడు, కొలబద్ద ఆనించాడు. ఒకసారి, రెండోసారి, మూడోసారి.

"వెంట్రుకవాసి తేడా లేదు," అన్నాడు చివరికి. "అయితే ఆ పొడి ఎక్కడిది? ఇల్లు చూడాలి."

అవ్వ ఇల్లు చర్చి గోడని ఆనుకునే ఉంది. వంటింట్లో పొయ్యి పక్కన, పక్కింటివైపు గోడకి పెద్ద కంబళి వేలాడుతోంది. ఇన్‌స్పెక్టర్ దాన్ని పక్కకి లాగాడు. ఇద్దరం నోళ్ళు వెళ్ళబెట్టాం. గోడ పూత గచ్చుదాకా పోయింది. మధ్యలో ఇటుక కూడా ఊడి, అందులోంచి పక్కింటివాళ్ళ పంది మావైపే చూస్తోంది.

"గట్టిగా అరవకండి, బయటికి వినబడుతుంది," అంది అవ్వ.

"ఏంటవ్వా ఇది?" అన్నాను.

"ఏం చెయ్యమంటావు నాయనా? చూపు పోతున్నవాణ్ణి ఊరికే పొమ్మంటే పోతాడా? నా కన్నుగప్పి ఆ కన్ను గీకుతాడు. అందుకే ఇది పేత్కమ్మ కంటి సున్నమే అని పొట్లం చేతిలో పెడతాను. కళ్ళలో వేసుకోకూడదు, దిండు కింద పెట్టుకోవాలి అంటాను. అదీ నీష్ పట్నం వెళ్ళి కళ్ళ డాక్టరుకి చూపించుకుంటేనే పనిచేస్తుందంటాను. డాక్టరు చీటీ చూపిస్తేనే పొట్లం."

"ఎంతమంది వెళ్ళారు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"గోడ చూసి నువ్వే చెప్పు." అవ్వ గొంతు తగ్గించింది. "రదోయ్‌కి ఎల్లుండి ఆపరేషన్. కత్తంటే వాడికి ప్రాణభయం. పొట్లం జేబులో ఉంటేనే బల్లెక్కుతానన్నాడు. ఇది నా వంటింటి గోడని తెలిస్తే ఎక్కుతాడా? తాళంచెవి కావాలంటే పట్టుకుపో. ఈ మాట మాత్రం గడప దాటకూడదు."

నాకు సిగ్గేసింది. తల వంచుకుని పందివైపు చూస్తూ నిలబడ్డాను.

బయటికొచ్చాక ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "పేత్కమ్మ కంట్లోంచి రవ్వ కూడా పోలేదు. తాళంచెవి అవ్వ దగ్గరే ఉంటుంది."

అందరూ ఊపిరి వదిలారు. అంతలో రదోయ్, "మరి ఆ పొట్లాలు?" అన్నాడు.

అవ్వ మొహం పాలిపోయింది. ఇన్‌స్పెక్టర్ ఒకటి తీసి రదోయ్ అరచేతిలో పెట్టాడు. "జాగ్రత్తగా పెట్టుకో. ఎల్లుండి వెళ్తున్నావుగా?"

"వెళ్తున్నాను బాబూ."

"ఓరి దేవుడో! గీకినా తరగని కన్ను!" అని మిలుంక కేక పెట్టింది. ఆడవాళ్ళంతా గబగబా సిలువ గుర్తు వేసుకున్నారు. ఇన్‌స్పెక్టర్ ఏదో చెప్పబోయి నోరు మూసుకున్నాడు. ఫాదరునై ఉండి నేనూ మూసుకున్నాను. ప్రభువు క్షమించాలి.

రకియా గ్లాసులు ఖాళీ అయ్యాయి. బస్సు హారన్ కొట్టింది. ఇన్‌స్పెక్టర్ ఎక్కకుండా అవ్వ దగ్గరే తచ్చాడుతున్నాడు.

"అవ్వా... మా అమ్మకి కూడా చూపు తగ్గింది. రెండేళ్ళుగా ఆసుపత్రికి రమ్మంటే రాదు. ఒక్క పొట్లం..."

అవ్వ అతన్ని కిందనుంచి పైదాకా చూసింది.

ఇన్‌స్పెక్టర్ ఒక్క నిట్టూర్పు విడిచి, చిటికెనవేలి గుడ్డ విప్పి, కళ్ళు మూసుకుని చెయ్యి చాపాడు. కరక్కుమంది.

"రెండో చెయ్యి కూడా చూపించు నాయనా," అంది పెర్సీదవ్వ.