కాడిలో రెండో ఎద్దు

మేకల కిష్టమ్మ పొద్దున పాలు పిండగానే మొదటి చెంబు బడేబీ ఇంటికి పట్టుకుపోయేది. ఆ ఇంట్లో తల్లి లేని పసిదొకతి ఉండేది. పాలు పోయమని బడేబీ ఏనాడూ అడగలేదు, ఎందుకు పోస్తున్నావని ఊరూ అడగలేదు. మిగిలిన పాలే కిష్టమ్మ తన ఇంటికి వాడుకునేది. వీపనగండ్లకు రెండు కోసుల దూరంలో ఉన్న మా ఊళ్లో ఆమె బతుకంతా ఇలాగే, చప్పుడు లేకుండా సాగింది.

భర్త పోయాక ఆమెకు మిగిలినవి మూడెకరాల ఎర్రచెలక, పద్దెనిమిది మేకలు, ఒక గోధుమరంగు పుల్లెద్దు. పక్క చెలక ఎల్లయ్యకూ బూడిదరంగు మైలెద్దు ఒక్కటే. ఒంటెద్దుతో నాగలి నడవదు గనుక మా వైపు ఇలాంటి ఇద్దరు కలిసి కాడి కడతారు. ఒకరోజు ఒకరి చెలక, మరునాడు రెండోవారిది దున్నుకుంటారు. పొత్తు కుదిరిన రోజు రెండు ఎద్దులకూ ఒకే తొట్టిలో కుడితి పెడతారు. ఆనాటి నుంచి అవి రెండు కావు, ఒక కాడి. దిష్టి తీసినా కలిపి తీస్తారు, మొక్కినా రెంటికీ ఒకటే మొక్కు.

నిజాం కాలపు లెక్కలో ఫసలీ పదమూడు వందల నలభై ఏడులో, ఏరువాకకు ఇంకా నెల ఉందనగా, వాగు అవతలి ఊళ్లలో పశువులకు పెద్ద రోగం వచ్చింది. కళ్ల వెంట నీరు, నోట్లో పుండ్లు, నెత్తుటి పారుడు. వారం తిరిగేలోపు కొట్టాలు ఖాళీ. ఆ కబురు విని మా ఊరివాళ్లు జములమ్మ తల్లికి మొక్కుకున్నారు.

అప్పుడే పశువుల దవాఖాన నుంచి సూదులు వేసే నబీ సాబ్ వచ్చాడు. అతని బండిలో మందుసీసాల కంటే ముందు కనిపించింది జ్వరంతో ముడుచుకుని పడుకున్న ఒక మేక.

"మందంటే గీ మేక నెత్తురే," అన్నాడు నబీ సాబ్. "పెద్ద రోగాన్నే పై డాక్టర్లు మేకకు ఎక్కిచ్చిన్రు. ఆ మేక నుంచి ఇంకో మేకకు, దాని నుంచి ఇంకోదానికి. గట్ల వందల మేకలు దాటొచ్చింది. ఇప్పుడిది పశువుకు ఎక్కితే నాలుగు రోజులు జరం, గంతే. మళ్ల పెద్ద రోగం దాని జోలికి రాదు."

"రోగం రాకుండ రోగాన్నే పొడుస్తవా సాబ్?" అన్నాడు ఎల్లయ్య. "ఇల్లు కాలకుండ ముందుగాల్ల మనమే అంటువెట్టుకున్నట్టున్నది."

అందరూ నవ్వారు. కిష్టమ్మ మాత్రం బండి దగ్గరికి పోయి, మేక ముందు గిన్నెతో నీళ్లు పెట్టింది.

"గంత కోపపు రోగం మెత్తగెట్లయింది సాబ్?"

"మేకలల్ల ఉండి ఉండి కోపం తగ్గిందంటరమ్మా. నాకూ గంతే తెలుసు."

కిష్టమ్మ మేక చెవి తాకి చూసింది. "కోపం తగ్గుడు కాదేమో సాబ్. మా అత్త నాకు మేకలిచ్చిననాడు అన్నీ పొడుగు చెవులవి, సదును నేల మీద మేసేటివి. నేను గుట్టకు తోలిన. ఎక్కలేనివి బక్కచిక్కి ఈనకనే పోయినయి. ఎక్కినయి ఈనినయి. ఇయ్యాల నా మందల అన్నీ గుట్ట మేకలే. ఏ ఒక్క మేకా మారలే, మంద మారింది. నీ రోగం గూడ ఒక్కటి కాదేమో, నా మేకల లెక్క ఒక మంద కావొచ్చు. మేకలల్ల బతకలేనియి పోయినయి, బతికినయి పెరిగినయి."

నబీ సాబ్ చేతిలోని సూదిని పక్కన పెట్టాడు. "నేను సదివిన కితాబుల గీ మాట లేదమ్మా," అన్నాడు.

ఆ మెత్తని రోగం బతికి ఉండాలంటే ఐదారు రోజులకొక కొత్త మేక కావాలి. కిష్టమ్మ తన మందలోంచి ఒక నల్లమేకను ఇచ్చింది. నబీ సాబ్ బండిలోని మేక నెత్తురు దానికి ఎక్కించి, జ్వరం వచ్చాక తీసుకుపోతానని చెప్పాడు. పుల్లెద్దుకూ సూది వేయించింది. మైలెద్దు వంతు రాగానే ఎల్లయ్య పగ్గం వెనక్కి లాగాడు.

"ఒక కాడికి రెండు సూదులెందుకు సాబ్? ఒక్క తొట్ల తాగుతయి. దానికి జరమొస్తే దీనికొచ్చినట్టే."

రెండింటికీ వేయాలని నబీ సాబ్ చెప్పాడు గానీ ఎల్లయ్య వినలేదు. కిష్టమ్మకూ ఎల్లయ్య మాటే సబబుగా తోచింది. కాడిని విడదీసి చూడటం ఆమె ఎరగదు.

నాలుగో రోజు పుల్లెద్దు నెమరు మానింది. చెవులు కాలిపోతున్నాయి. కళ్ల వెంట నీరు. ఎల్లయ్య వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

"ఏరువాక ముంగట కాడి ఇరిచినవు కదనే చెల్లె. ఇగ దున్నేది లేక నీ చెలకా పడావే, నా చెలకా పడావే."

ఆమె దేవుణ్ని తలుచుకుని పుల్లెద్దు వీపు నిమిరింది. తర్వాత మైలెద్దు చెవి పట్టుకుంది. చల్లగా ఉంది. అది నింపాదిగా నెమరేస్తోంది. నాలుగు రోజులుగా రెండూ ఒకే తొట్టిలో తాగుతున్నాయి. ఆమె చెయ్యి ఆ చెవి మీదే ఆగిపోయింది.

మర్నాడు పొద్దున్నే నబీ సాబ్ వచ్చాడు. నల్లమేకకు జ్వరం ఎక్కింది. ముందు పుల్లెద్దును పరీక్షించాడు. జ్వరం దిగుతోందన్నాడు. నల్లమేకను తీసుకుని అటే కల్వకుర్తి వైపు పోతానని, మళ్లీ ఇటు రావడం కుదరదని చెప్పాడు. వాగు ఇవతలి పక్క ఊళ్లో కూడా అప్పటికే పెద్ద రోగంతో రెండు బర్రెలు పడ్డాయని కబురు.

కిష్టమ్మ ఎల్లయ్యను పిలుచుకొచ్చింది. "ఎల్లన్నా, ఒక చెయ్యి దీని చెవి మీద పెట్టు, ఇంకో చెయ్యి దాని చెవి మీద పెట్టు."

అతను పెట్టాడు.

"ఒకటి ఎచ్చగున్నది, ఒకటి సల్లగున్నది. అయితేంది?"

"ఒక్క తొట్ల తాగినా మెత్త రోగం దీని నుంచి దానికి పోలే. మేకలకు అలవాటువడి, ఎద్దు నుంచి ఎద్దుకు పొయ్యే తొవ్వ మరిచింది. అసలు రోగం మాత్రం ఆ తొవ్వ మరవలే అన్నా. అది తొట్టిని దాటుతది, వాగును దాటుతది. ఒక్కదానికి చాలనుకొని నేను గూడ తప్పు చేసిన."

ఎల్లయ్య చాలాసేపు రెండు చెవులూ వదల్లేదు. "నా ఎద్దుకేమన్నయితే?"

"నా పుల్లోడిని నీకిచ్చేస్త. నేను మేకలు కాసుకుంట."

"ఒంటెద్దుతోని నేనేం జేసుకోవాలె, నా మొఖం," అంటూ అతను మైలెద్దు పగ్గం నబీ సాబ్ చేతికిచ్చాడు. మైలెద్దు సూది కోసం నల్లమేక మెడ దగ్గర నెత్తురు తీస్తున్నంతసేపూ కిష్టమ్మ దాని కళ్లకు తన కొంగు అడ్డం పెట్టింది. బండి కదిలేటప్పుడు దాని పక్కన రెండు తుమ్మ కొమ్మలు పెట్టి, "దీనికి నీళ్లు మరువకు సాబ్," అంది. అతను మరవలేదు. నెల తర్వాత, కోలుకున్న ఆ మేకను ఎవరి బండిలోనో తిరిగి పంపాడు.

నబీ సాబ్ బండి పోయిన పదిహేను రోజులకు పెద్ద రోగం మా ఊళ్లోకి వచ్చింది. సూది వేయించని పశువులు ఇరవై దాకా పోయాయి. జములమ్మ దయ, నబీ సాబ్ చేతి చలవ, ఆ కాడి నిలిచింది. పొత్తు వంతు ప్రకారం ఆ ఏడు ఏరువాక నాడు మొదటి నాగటి చాలు ఎల్లయ్యది కావాలి. అతను చెప్పకుండానే నాగలిని కిష్టమ్మ చెలకలోకి తోలాడు.

తర్వాత ఏ ఏడు ఏ రోగానికి సూదులు వేసేవాళ్లు వచ్చినా, ఎల్లయ్య రెండు ఎద్దులనూ వేరువేరు గుంజలకు కట్టి చూపించేవాడు. సూదులయ్యాక మళ్లీ ఒకే తొట్టి దగ్గరికి తోలేవాడు.