ఎవరినీ నమ్మని నమ్మకంగారు

మా ఓడలో సెకండ్ ఇంజినీరుకి ఒకటే జబ్బు. ఆయన దేన్నీ నమ్మేవాడు కాదు. దేవుణ్ణి నమ్మనివాళ్ళుంటారు, డాక్టర్లను నమ్మనివాళ్ళుంటారు, వాళ్ళతో నాకు పేచీ లేదు. ఈయన గడియారాన్ని నమ్మడు. థర్మామీటరును నమ్మడు. 'వేడి, ముట్టుకోవద్దు' అని ఎర్రక్షరాలతో రాసి ఉన్న పైపును ముట్టుకుని, చురుక్కుమన్నాక రెండో చేత్తో కూడా ముట్టుకుని చూసేవాడు. మొదటి చెయ్యి మీదా అనుమానమే అన్నమాట. అందుకే ఓడలో అందరం కలిసి ఆయనకు నమ్మకంగారు అని పేరు పెట్టాం. ఎదురుగా మాత్రం సార్ అనేవాళ్ళం. ఆ పిలుపులో గౌరవం ఉందని ఆయన నమ్మలేదు. ఆ ఒక్క విషయంలో ఆయన అంచనా తప్పు కాదు.

నేను ఆ ఓడ ఎక్కేసరికి ఇరవై నాలుగేళ్ళవాణ్ణి. ఓడ ఇంజన్ల చదువు పూర్తిచేసి, ఉద్యోగం కోసం రెండేళ్ళు కాచుకు కూర్చున్నాను. ఆ రెండేళ్ళూ మా వీధివాళ్ళు నేనేదో బస్టాపులో నిలబడ్డట్టు "ఓడ వచ్చిందా బాబూ?" అని అడిగేవారు. మా పిన్ని అయితే "మన ఊళ్ళో సముద్రమే లేదు కదరా, ఓడ ఎట్లా వస్తుంది?" అని నిజంగానే బాధపడేది. చివరికి వచ్చింది. అయితే మొదటి ప్రయాణంలో ఆరు నెలలు పనిచేసి, 'ఇతను పనికొస్తాడు' అన్న కాగితం మీద చీఫ్ ఇంజినీరు చేత సంతకం పెట్టించుకుంటేనే తర్వాతి పరీక్షకు కూర్చోనిస్తారు. సంతకం లేకపోతే మళ్ళీ మా వీధి, మళ్ళీ అదే ప్రశ్న. దానికంటే సముద్రంలో దూకడం నయమని నా అభిప్రాయం.

మొదటి రోజు ఇంజన్ రూములోకి దిగాను. నాలుగంతస్తుల మేడంత ఇంజను, చెవులు చిల్లులు పడే మోత. నమ్మకంగారు నన్ను ఒక పైపు దగ్గర నిలబెట్టాడు.

"ఎంత వేడి ఉంది?"

"డెబ్భై ఎనిమిది, సార్."

"ఎవరు చెప్పారు?"

"మీటరు, సార్."

"దానికెవరు చెప్పారు?"

మీటరుకు ఎవరు చెబుతారో మా కాలేజీలో చెప్పలేదు. ఆయన పైపు మీద మడిచిన వేళ్ళు ఆనించి, కళ్ళు మూసుకుని, నాడి చూసే వైద్యుడిలా కాసేపు ఆలోచించి "ఎనభై ఒకటి" అన్నాడు. పైకెళ్ళి ఇంకో థర్మామీటరు తెచ్చి పెట్టాడు. అదీ డెబ్భై ఎనిమిదే చూపించింది.

"చూశావా, రెండూ కుమ్మక్కయ్యాయి" అన్నాడు.

ఈ మనిషి కిందా నేను ఆరు నెలలు పనిచెయ్యాల్సింది అని తల పట్టుకున్నాను.

భోజనాల దగ్గర కూడా ఇదే భాగవతం. వంటాయన కోడి కూర అంటే, గిన్నె మూత తీసి, గరిటెతో కలిపి, అడుగునుంచి ఒక ముక్క పైకి లాగి చూసేవాడు. ఒకరోజు వంటాయనకు ఒళ్ళు మండి "సార్, చచ్చిన కోడి మీకేం అబద్ధం చెబుతుంది?" అన్నాడు. "చచ్చిందని నువ్వే కదా చెబుతున్నావ్" అని ఈయన ముక్క నోట్లో వేసుకున్నాడు. వంటాయన ఆ పూట భోంచెయ్యలేదు.

ఓడ పడమటికి పోతున్నకొద్దీ కొన్ని రోజులకొకసారి గడియారాలు గంట వెనక్కి తిప్పుకోమని కెప్టెన్ మైకులో చెప్పేవాడు. అందరం తిప్పుకునేవాళ్ళం. ఈయన రెండు చేతులకూ రెండు వాచీలు పెట్టుకుని, ఒకటి తిప్పి, ఒకటి తిప్పకుండా ఉంచి, మర్నాడు మధ్యాహ్నం డెక్కు మీదికెళ్ళి తన నీడ ఎంత పొడుగుందో చూసుకునేవాడు. చూసి, "పర్వాలేదు" అని సూర్యుడికి సర్టిఫికెట్ ఇచ్చి కిందికి దిగేవాడు.

ఇంటికి ఫోన్ చేసినా అంతే. తన చెవి మీద తనకు నమ్మకం లేక స్పీకరు పెట్టి మాట్లాడేవాడు కాబట్టి ఆ సంసారం సమస్తం మాకు కంఠతా వచ్చేసింది.

"భోంచేశావా?"

"చేశానండీ."

"ఏం కూర?"

"బంగాళాదుంప."

"నిన్నా అదే అన్నావ్."

"నిన్నటిదే మిగిలింది."

"ఏదీ, పాపకి ఫోనివ్వు."

"ఇస్తాను గానీ, అదీ బంగాళాదుంపే అంటుంది. మేమిద్దరం ముందే మాట్లాడేసుకున్నాం" అనేది ఆ ఇల్లాలు. ఆవిడ ఓర్పుకు మేం పక్కగదిలోంచి దణ్ణం పెట్టుకునేవాళ్ళం.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉండేది. నా దాకా వచ్చేసరికి మాత్రం నవ్వు రాలేదు. నేను ఏ పని చేసి వచ్చినా, స్నానానికి వెళ్ళిన పది నిమిషాలకు ఆయన స్పానరు జేబులో వేసుకుని అక్కడికి చేరేవాడు. నేను బిగించిన బోల్టులు విప్పి మళ్ళీ బిగించేవాడు. నేను మూసిన మూతలు తెరిచి మళ్ళీ మూసేవాడు. నేను కడిగిన టీ కప్పు కడుక్కుని తాగేవాడు. ఏమైనా తప్పు దొరికిందా అంటే ఒక్కనాడూ చెప్పేవాడు కాదు. "ఊఁ" అని వెళ్ళిపోయేవాడు. తప్పు దొరికితే ఈ మనిషి ఊరుకుంటాడా, దొరకలేదు గనకే ఊఁ అంటున్నాడని నేను లెక్కవేసుకున్నాను. నా పని వంక పెట్టలేనిదన్నమాట, అయినా నమ్మడన్నమాట. చీఫ్ ఇంజినీరు కూడా అప్పటిదాకా నా పని మీద పల్లెత్తు మాట అనలేదు. దాంతో నాకు కాస్త కొమ్ములు కూడా మొలిచాయి.

నాలుగో నెలలో ఒకరోజు పొద్దున్నే అందరి ముందూ బరస్టయిపోయాను.

"నేనేమన్నా దొంగనా సార్? నాలుగు నెలల నుంచీ నా వెనకాలే తిరుగుతున్నారు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నన్ను నమ్మి వదిలెయ్యండి. మీ సొమ్మేం పోతుంది?"

పనివాళ్ళంతా గుడ్లప్పగించి చూస్తున్నారు. ఆయన నన్ను పాడైపోయిన మీటరును చూసినట్టు ఎగాదిగా చూశాడు. "సరే" అన్నాడు.

ఆ సరేని నేను నమ్మలేదు. నాలుగు నెలల సహవాసం మరి.

ఆ రోజు నా పని జల్లెడ శుభ్రం చెయ్యడం. ఓడ ఇంజను చల్లారడానికి సముద్రం నీళ్ళు లోపలికి తోడుకుంటారు. ఆ నీళ్ళతోబాటు నాచూ, గుల్లలూ, జనం పారేసిన ప్లాస్టిక్ సంచులూ వస్తాయి గనక, వాటిని ఆపడానికి ఓడకు రెండువైపులా ఒక్కో పెద్ద ఇనప డబ్బాలో ఒక్కో జల్లెడ ఉంటుంది. వాటిని వంతులవారీగా కడుగుతారు. నేను ఒకవైపుది కడిగి, డబ్బా లోపలంతా తుడిచి, మూత బిగించాను. అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను? మూత మీదా, నట్ల మీదా తళతళలాడే ఆకుపచ్చ రంగు కూడా వేశాను.

సాయంత్రం నమ్మకంగారు వచ్చాడు. మూత ముందు నిలబడ్డాడు. చెయ్యి జేబులోకి పోయింది. నా మొహం చూశాడు. చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది. పిల్లాణ్ణి మొదటిసారి బళ్ళో దింపినవాడిలా వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ మెట్లెక్కి వెళ్ళిపోయాడు. నేను గెలిచానని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మర్నాడు మధ్యాహ్నం అలారం మోగింది. ఇంజను వేడెక్కిపోతోంది. నమ్మకంగారు పైపు మీద చెయ్యి పెట్టి చూసి, "ఈసారి నిజమే చెబుతోంది" అన్నాడు. నేను కడిగినవైపు నుంచి నీళ్ళు రావడం లేదు. రెండోవైపు జల్లెడ గుల్లలతో పూడుకుపోయి ఉంది, దాన్ని కడిగే వంతు ఇంకా రాలేదు. చేసేదిలేక ఇంజను ఆపేశారు. వీధంత పొడుగు ఓడ నడిసముద్రంలో కదలకుండా నిలబడిపోయింది. పైనుంచి కెప్టెన్ ఫోన్ మీద ఫోన్.

"విప్పు" అన్నాడు నమ్మకంగారు. ఆయన టార్చి పట్టుకున్నాడు, నేను స్పానరు వేశాను. ఒక్కో నట్టూ తిప్పుతుంటే నిన్నటి ఆకుపచ్చ రంగు పెళుసుగా పగిలి రాలింది. మూత లేపాను. లోపల, జల్లెడకు అతుక్కుపోయి, పసుప్పచ్చ పువ్వుల నైటీ ముక్క.

ఓడలో తుడవడానికి వాడే గుడ్డలు పాత బట్టల ముక్కలే. ఆ పువ్వుల ముక్క వారం నుంచీ నా వెనక జేబులో వేలాడుతోంది. దాన్ని చూసి వెక్కిరించనివాడు పనివాళ్ళలో లేడు.

చీఫ్ ఇంజినీరు అరుచుకుంటూ దిగాడు. ఆయన మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. ఈసారి నిజంగా అరిచాడు.

"ఎవడిదా గుడ్డ?"

"నాదే సార్. లోపల మర్చిపోయాను."

"అయితే వచ్చే రేవులో దిగిపో! సంతకం లేదు, మట్టీ లేదు!"

మా వీధి మొత్తం నా కళ్ళముందు బారులు తీరి నిలబడింది. అంతలో పక్కనుంచి వినబడింది.

"నేను నమ్మను."

చీఫ్ తిరిగి చూశాడు. "దేన్ని?"

"వీడు మర్చిపోయాడంటే."

"వాడే ఒప్పుకుంటున్నాడు కదయ్యా!"

"వాడు చెప్పాడు గనకే నమ్మను. ఈ నాలుగు నెలల్లో మీరడిగినదానికి వీడు ఒక్కటైనా సరైన జవాబు చెప్పాడా?"

న్యాయంగా చెప్పాలంటే, చెప్పలేదు.

"నిన్న వీడు మూసి వెళ్ళాక నేను విప్పి చూశాను" అన్నాడు నమ్మకంగారు. "వీడు మూసింది నేను విప్పకుండా ఎప్పుడు వదిలాను? మీకు తెలీందేముంది! బల్ల మీద ఈ గుడ్డ కనబడితే దీంతోనే తుడిచాను. మర్చిపోయింది నేను."

నేను నోరు తెరిచాను. నా కాలి మీద ఇనప ముక్కు బూటు ఒకటి పడి గట్టిగా నొక్కింది. నేను నోరు మూసుకున్నాను.

చీఫ్ ఆయన్ని ఎగాదిగా చూశాడు గానీ అనుమానపడలేదు. లోకమంతా అబద్ధాలకోరని తిట్టుకుంటూ తిరిగే మనిషి తానే అబద్ధమాడతాడని ఎవరికి తడుతుంది?

"ఇది నీ రిపోర్టులో రాయక తప్పదయ్యా" అన్నాడు చీఫ్, గొంతు తగ్గించి. "వచ్చే ప్రయాణానికి నువ్వు చీఫ్ అవ్వాల్సినవాడివి. ఇంకో ఆరు నెలలు వెనక్కి పోతుంది."

"రాయండి. సరిగ్గా రాశారో లేదో ఒకసారి నాకు చూపించండి."

ఇంజను మళ్ళీ తిరగడం మొదలెట్టాక వర్క్‌షాపులో ఆయన్ని పట్టుకున్నాను.

"సార్, మీరు విప్పలేదు. నట్ల మీద నేనేసిన రంగు చెక్కు చెదరలేదు. నేను విప్పుతుంటేనే పగిలింది. టార్చి పట్టుకున్నది మీరే."

"ఏం రంగు?"

"ఆకుపచ్చ."

"నాకు రంగులు సరిగ్గా ఆనవు."

"కళ్ళు పరీక్ష చేసి, రంగులు ఆనతాయని డాక్టరు రాసిస్తేనే కదా సార్ ఓడ ఎక్కనిచ్చేది?"

"డాక్టర్లు రాసింది నువ్వు నమ్ముతావా?" అని నన్ను జాలిగా చూశాడు.

"ఎందుకు సార్ ఇలా చేశారు?" అన్నాను.

"ఇరవై రెండేళ్ళుగా ఎవరినీ నమ్మకుండా నిమ్మళంగా బతుకుతున్నాను. నువ్వు అరిచావని ఒక్కపూట నమ్మాను. చూడాల్సినవాణ్ణి చూడకపోతే తప్పు నాది కాక నీదెట్లా అవుతుంది? మొదటి ఓడలో మతిమరుపు ఎవరికుండదు? నేను గుడ్డ కూడా కాదు, ఇంతలావు స్పానరు మర్చిపోయాను."

"నిజంగానా సార్?"

"నమ్మకు."

అప్పుడొక అనుమానం వచ్చింది నాకు. "సార్, ఇన్నాళ్ళూ నేను చేసిన పనులు మీరు విప్పి చూసినప్పుడు... అన్నీ సరిగ్గానే ఉన్నాయా?"

ఆయన వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. "రెండో వారం వాల్వు తిరగేసి పెట్టావు. మూడో వారం పంపులో నూనె పొయ్యలేదు. తర్వాత మూత కింద రబ్బరు వెయ్యడం మర్చిపోయావు. తర్వాత..." అయిదో నిమిషంలో ఆయన రెండు చేతుల వేళ్ళూ అయిపోయి నా చేతి వేళ్ళ మీదికి వచ్చాడు.

నాలుగు నెలలుగా చీఫ్ నన్ను పల్లెత్తు మాట అనకపోవడం నా తెలివే అనుకున్నాను. నేను స్నానం చేస్తున్న పది నిమిషాల్లో ఈ మనిషి నా ఉద్యోగాన్ని రోజుకోసారి కాపాడి, కిమ్మనకుండా వెళ్ళిపోయేవాడు. నాకు సిగ్గేసింది. ఆయన కాళ్ళ మీద పడదామనిపించింది కానీ, ఆ బూటు నొక్కిన నొప్పి ఇంకా తగ్గలేదు, ఊరుకున్నాను. ఆ మర్నాటి నుంచీ ఆయన నా మూతలు విప్పుతుంటే పక్కన నేనే టార్చి పట్టుకుని నిలబడ్డాను.

ఆరో నెల ఆఖర్న చీఫ్ నా కాగితం మీద సంతకం పెట్టాడు. నేను మెట్లు రెండేసి దూకుతూ వెళ్ళి నమ్మకంగారికి చూపించాను. ఆయన దాన్ని లైటుకేసి పట్టాడు. బొటనవేలితో రుద్దాడు. వాసన చూశాడు.

"ఇది ఆయన సంతకమేనా?"

"నా కళ్ళముందే పెట్టారు సార్."

"నీ కళ్ళా!" అని కాగితం పట్టుకుని పైకి వెళ్ళాడు. కాసేపటికి పైనుంచి "నా సంతకం నాదేనయ్యా మహానుభావా!" అన్న చీఫ్ కేక ఇంజను మోతను దాటుకుని మా దాకా వచ్చింది.

నమ్మకంగారు తాపీగా దిగివచ్చి, కాగితం మడిచి నా జేబులో తనే పెట్టి, గుండీ కూడా పెట్టాడు.

"ఆయనదేనట. అంటున్నాడు మరి" అని పెదవి విరిచి, ఎందుకైనా మంచిదని ఇంకో కాపీ మీద కూడా పెట్టించుకు రమ్మని నన్ను పైకి తరిమాడు.