గొలుసు బరువు

ఎత్తైన భవనాల్లో లిఫ్టులు పెట్టేవాళ్లకు మనుషుల బరువు పెద్ద లెక్క కాదు, తాళ్ల బరువే తలనొప్పి. ఈ సంగతి పుస్తకంలో చదవకముందే నకిరేకల్ దగ్గర మా బావిలో నేర్చుకున్నాను. నేర్చుకున్నానంటే గొప్ప చెప్పుకున్నట్టు. ఒక మనిషి వేళ్లు పోయాక తెలిసింది.

అరవైల్లో ఒక ఎండాకాలం బావి అడుగంటితే మా బాపు లోతు చేయించడం మొదలుపెట్టాడు. బావులు తవ్వే మేస్త్రి, ఆయన భార్య, మరో నలుగురు వచ్చారు. మేస్త్రిని ఇనుప తొట్టిలో కూర్చోబెట్టి, గిరక మీదుగా గొలుసు వదిలి దించేవాళ్లు. పైకి లాగాలంటే ఐదుగురికీ చెమటలు పట్టేవి. డిప్లొమా చదువుతూ సెలవులకొచ్చిన నాకు అప్పుడు కళ్లు నెత్తిమీదున్నాయి. గొలుసు రెండో కొసకు తొట్టికీ మేస్త్రికీ కలిపి ఉండే బరువుకు సరిపడా రాళ్లు నింపిన గంప కట్టాను. తొట్టి దిగితే గంప లేస్తుంది, గంప దిగితే తొట్టి లేస్తుంది. ఇక లాగడానికి ఇద్దరు సరిపోయారు. బాపు ఊరంతా చెప్పుకున్నాడు.

బావి ముప్పై గజాలకు చేరేసరికి తొట్టి బావి అడుగు నుంచి కదలడం కష్టమైంది. లాగేవాళ్లే బద్ధకిస్తున్నారనుకున్నాను. విసుక్కుని గంపలో ఇంకో రెండు రాళ్లు వేశాను.

ఆ మధ్యాహ్నం తొట్టి తేలిగ్గానే బయలుదేరింది. సగం దాటాక గొలుసు మా చేతుల్లోంచి జారి తనంతట తానే పరుగెత్తింది. తొట్టి దూసుకొచ్చి గిరకకు కొట్టుకుంది. మేస్త్రి కుడిచేతి వేళ్లు రెండు నలిగిపోయాయి. నల్లగొండ దవాఖానలో వాటిని తీసేశారు.

"సరిగ్గ కూసోలే, గందుకే గట్లయింది" అని బాపు అందరికీ చెప్పాడు. నేను నోరు మెదపలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాత కాగితం ముందేసుకుని కూర్చుంటే అర్థమైంది. తొట్టి బావి అడుగున ఉన్నప్పుడు గొలుసు బరువంతా తొట్టి వైపు ఉంటుంది. పైకొచ్చేసరికి అదంతా రాళ్ల వైపు చేరుతుంది. అదనపు రాళ్లు తీసేశాను. తొట్టి అడుగు నుంచి గంప అడుగు దాకా అంతే బరువున్న ఇంకో గొలుసు వేలాడదీశాను. ఇక తొట్టి ఎక్కడున్నా రెండు వైపులా సమానమే.

కొన్ని వారాలకు మేస్త్రి చేతికి కట్టుతో వచ్చాడు. తప్పు నాదేనని చెప్పి కొత్త గొలుసు చూపించాను. జవాబు ఆయన భార్య చెప్పింది.

"మా తాన గొలుసు కట్టినోడే ముందుగాల దిగుతడు బిడ్డా. సదువుకున్నోనివని గప్పుడు అడగలె. గిప్పుడు అడుగుతున్న."

"వాడెందుకు దిగుతడు?" అని బాపు లేచాడు. ఆయన మాట పూర్తికాకముందే నేను తొట్టిలో కూర్చున్నాను.

గొలుసు పట్టింది ఆమే. దిగుతున్నంతసేపూ కళ్లు మూసుకున్నాను. ముప్పై గజాలు అంత దూరమని పైనుంచి చూసినప్పుడు ఏనాడూ అనిపించలేదు. తిరిగి వస్తూ సగం దాటగానే రెండు చేతులూ ఒళ్లోకి లాక్కున్నాను. తొట్టి మాత్రం అదే నిదానంతో వచ్చి గట్టు దగ్గర ఆగింది.

తొట్టిలోంచి దిగి మట్టిలో కూర్చున్నాను. మేస్త్రి నా వైపు చూడలేదు. తొట్టిలోకి ఎక్కి, ఎడమ చేత్తో గొలుసు పట్టుకుని, "దించుండ్రి" అన్నాడు.